గూడుపెట్టె మేలా, పుచ్చిన మాను మేలా?

ఏటా ఫిబ్రవరి 14న బ్రిటన్‌లో ప్రేమికుల రోజుతో పాటు మరో సందడి కూడా మొదలవుతుంది. అది గూడుపెట్టెల వారోత్సవం. గూడుపెట్టె అంటే పిట్టలు లోపల గూడు కట్టుకునేందుకు కన్నం పెట్టి చేసే పెట్టె. పక్షుల లెక్కలు తీసే బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ 1997లో దీన్ని మొదలుపెట్టింది. తగ్గిపోతున్న అడవి పిట్టలకు ఏదో ఒకటి చేద్దామని జనం ఉత్సాహంగా చెట్టుకు పెట్టె కొడతారు. బాగానే ఉంది. కానీ అదే వారంలో, చూడ్డానికి బాగాలేదని పెరటి చివరి ఎండు బర్చ్ చెట్టును, అంటే పిట్టలకు తొర్రనిచ్చే మానునే, కొట్టించేసేవాళ్లూ ఉంటారు. నా పేచీ అక్కడే.

ముందు పెట్టె పక్షాన మాట్లాడదాం. పైడ్ ఫ్లైక్యాచర్ అని నలుపు తెలుపుల చిన్న పిట్ట ఉంది. చలికాలమంతా పశ్చిమ ఆఫ్రికాలో గడిపి ఏప్రిల్‌లో బ్రిటన్ ఓక్ అడవులకు చేరుతుంది. తొర్ర తవ్వడం దానికి చేతకాదు, ఉన్నదాంట్లో దూరాల్సిందే. అది వచ్చేసరికి ఏడాది పొడవునా అక్కడే ఉండే బ్లూ టిట్లు, గ్రేట్ టిట్లు అనే చిన్న పిట్టలు మంచి తొర్రలన్నీ పట్టేసుకుని ఉంటాయి. పైగా కలప కోసం పెంచిన అడవిలో చెట్లన్నీ వయసులో ఉన్నవే, తొర్ర పడేంత ముసలివి కావు. గ్లాస్టర్‌షైర్‌లోని ఫారెస్ట్ ఆఫ్ డీన్‌లో, నాగ్స్‌హెడ్ అనే చోట 1942లో పెట్టెలు కట్టారు. పిట్టల మీద జాలితో కాదులెండి, ఓక్ ఆకుల్ని తినేస్తున్న గొంగళిపురుగుల్ని ఇవి తింటాయని! కారణం ఏదైతేనేం, పిట్టలకు ఇళ్లు దొరికాయి. కొన్నిచోట్ల ఇంకో ఉపాయం కూడా చేస్తారు: ఫ్లైక్యాచర్లు వచ్చేదాకా కొన్ని పెట్టెల కన్నాలు మూసి ఉంచుతారు, టిట్లు ముందే దూరకుండా.

కాబట్టి తొర్రల్లేని కుర్ర అడవికి పెట్టెను మించిన సాయం లేదు.

ఇప్పుడు విల్లో టిట్ అనే మరో చిన్న పిట్ట సంగతి. 1970 నుంచి బ్రిటన్‌లో దీని సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయింది. దీనికి కొత్త పెట్టె ఇస్తే తిరిగి చూడదు, ఎందుకంటే తన గూడు తానే తవ్వుకోవాలి. వడ్రంగిపిట్టంత బలమైన ముక్కు కాదు, గట్టి చెక్క లొంగదు. మెత్తగా పుచ్చిన బర్చ్, విల్లో, ఆల్డర్ మోడు కావాలి, అదీ తేమ నేలల్లో. పెట్టెలో రంపపు పొట్టు దట్టించి, తవ్వుకోమని మభ్యపెట్టి చూశారు. కొన్ని తవ్వాయి కూడా. కానీ గూడు సిద్ధం కాగానే బ్లూ టిట్ వచ్చి వెళ్లగొడుతుంది. అందుకే విల్లో టిట్లున్న చోట మామూలు పెట్టెలు వరసగా బిగిస్తే మనం పెంచేది బ్లూ టిట్లను, అంటే దాని పోటీదారులను. సాయం ఎదురుతిరగడం అంటే ఇదే.

మాను లోపలి తొర్రకు ఇంకో సుఖం ఉంది. దాని గోడ మందం. బయట ఎండైనా చలైనా లోపల అంతగా తెలియదు. పెట్టె చెక్క 15 మిల్లీమీటర్లుంటే గొప్ప. అది త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లబడుతుంది. సిమెంటు, రంపపు పొట్టు కలిపి చేసినవి ఎక్కువ కాలం ఆగుతాయి, వడ్రంగిపిట్ట వాటిని పొడిచి లోపలి పిల్లల్ని లాగడం కుదరదు. అయితే ఖరీదూ ఎక్కువే, బరువూ ఎక్కువే.

మన ఊళ్లలో తల పోయిన తాడిమొద్దును ఎవరూ పట్టించుకోరు. అందులోనే రామచిలుకా, పాలపిట్టా పిల్లల్ని పెడతాయి. పట్టించుకోకపోవడం కూడా ఒక్కోసారి మేలే.

తిండి లేకపోతే పెట్టె కూడా కాపాడదు, మాను కూడా కాపాడదు. వసంతం ముందే వేడెక్కి, గొంగళిపురుగులు ముందే వచ్చి పోయే నెదర్లాండ్స్ అడవుల్లో, పెట్టెలున్నా ఫ్లైక్యాచర్లు రెండు దశాబ్దాల్లో సుమారు 90 శాతం తగ్గాయని 2006లో అక్కడి పరిశోధకులు చూపించారు.

నన్నడిగితే ఎండు మాను నిలబడి ఉంటే దానికే నా ఓటు. లేకపోతే పెట్టె. పెట్టయితే కన్నం కొలత తప్పొద్దు: బ్లూ టిట్‌కు 25 మిల్లీమీటర్లు చాలు, ఫ్లైక్యాచర్‌కు 28 కావాలి. ముఖం ఉత్తరానికీ తూర్పుకీ మధ్య ఉండాలి, కన్నం చుట్టూ లోహపు రేకు కొట్టాలి, శరత్కాలంలో పాత గూడు తీసి మరిగే నీళ్లు పోసి పురుగు పోగొట్టాలి. మాను దారి మీద పడుతుందని భయమైతే మొదలంటా నరికించక్కర్లేదు. పైభాగం కోయించి రెండు మూడు మీటర్ల మోడును అలాగే వదిలేయండి, కోసిన కొమ్మల్ని దాని మొదట్లోనే పడేయండి.