ముంబైలో ఒక్క పూటే ఉంటే: ఒపెరా హౌసా, ఫోర్ట్ నడకా?

"ముంబై వెళ్తున్నాం, పాత కట్టడాలు చూడటానికి ఒక్క పూటే దొరుకుతుంది. బ్రిటిష్ కాలపు కట్టడాలుండే ఫోర్ట్ ప్రాంతానికి వెళ్లాలా, రాయల్ ఒపెరా హౌస్ అనే పాత థియేటర్‌కు వెళ్లాలా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. పోయిన నెల అమ్మను తీసుకెళ్లినప్పుడు నేనూ ఇదే ఆలోచించాను. చివరికి ఒపెరా హౌస్‌కే వెళ్లాం.

ఫోర్ట్ గొప్పదనానికి వంక పెట్టలేం. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే దిగేదే సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్‌లో, అంటే మొదటి కట్టడం అక్కడే చూసేసినట్టు. అక్కడి నుంచి నడుచుకుంటూ వెళ్తే ఫ్లోరా ఫౌంటెన్, హైకోర్టు, రాజాబాయి గడియారం టవర్, 1896 జులై 7న ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల సినిమాలు మన దేశంలో మొదటిసారి ఆడిన వాట్సన్ హోటల్ భవనం వరసగా వస్తాయి. పైసా ఖర్చు లేదు. చిన్నపిల్లలు వెంట ఉంటే ఇదే నయం, ఎక్కడ విసుగొస్తే అక్కడ ఆపేయొచ్చు.

కానీ చూసేదంతా చాలావరకు బయటి నుంచే. హైకోర్టులో పని నడుస్తుంటుంది, టవరేమో యూనివర్సిటీ ఆవరణలో ఉంది. తలెత్తి చూడటం, ఫొటో తీసుకోవడం, ముందుకు కదలడం. నా దృష్టిలో అసలు తేడా ఇదే: లోపల కాసేపు కూర్చోగలమా, లేదా?

ఒపెరా హౌస్‌లో కూర్చోగలం, కాకపోతే షో టికెట్ ఉండాలి. అందుకే ముందు ఆ సాయంత్రం షో ఉందో లేదో చూసుకోండి. లేదంటే ఇక ఆలోచించక్కర్లేదు, ఫోర్ట్‌కే వెళ్లండి.

కలకత్తాలో నాటకాలాడించే మారిస్ బాండ్‌మన్, జహంగీర్ ఫ్రామ్‌జీ కరాకా అనే పార్సీ బొగ్గు వ్యాపారి కలిసి కట్టించిన థియేటర్ ఇది. ఇంకా పని పూర్తి కాకముందే 1911లో ఐదో జార్జి ప్రారంభించాడు. తర్వాత సినిమా హాలుగా నడిచి, 1993లో మూతపడి, మరమ్మతుల తర్వాత 2016లో మళ్లీ తెరిచారు. మేం వెళ్లిన రోజు హిందుస్థానీ గాత్ర కచేరీ. గడప దాటగానే ససూన్ అనే పాత బొంబాయి వ్యాపార కుటుంబం ఇచ్చిన షాండ్లియర్లు కనిపిస్తాయి. హాల్లో పైకప్పు గుమ్మటాన్ని ఎనిమిది భాగాలు చేసి కవుల, నాటకకర్తల బొమ్మలు వేశారు. దీపాలు ఆర్పేదాకా అమ్మ తల దించలేదు. ఇక్కడ బాలగంధర్వ పాడాడని చెప్పాను. స్త్రీ పాత్రలంటే మనకు స్థానం నరసింహారావు ఎలాగో, మరాఠీవాళ్లకు ఆయన అలాగ. "మా నాన్న స్థానం వారి సత్యభామ గురించి ఎంత చెప్పేవాడో!" అంటూ వేదిక వైపు చూస్తూ ఉండిపోయింది. ఆరువందల లోపు సీట్ల హాలు కాబట్టి గాయకుడి ముఖం మాకు స్పష్టంగా కనిపించింది. బయట నిలబడి ఎన్ని గోపురాలు చూసినా అమ్మకు ఆ గంటన్నర దొరికేది కాదు.

గేట్‌వే ఆఫ్ ఇండియా సంగతంటారా, ఫోర్ట్ వైపు వెళ్తే చివర్లో పది నిమిషాలు చాలు.

రోజంతా ఖాళీ ఉంటే రెండూ కుదురుతాయి. పొద్దున ఎండ ముదరకముందే ఫోర్ట్ తిరిగి, సాయంత్రం చర్చ్‌గేట్‌లో స్లో లోకల్ ఎక్కితే రెండో స్టేషనే చర్నీ రోడ్. అక్కడి నుంచి కొద్దిపాటి నడక. షోకు అరగంట ముందే చేరుకోండి. దీపాలు ఆర్పేశాక ఆ గుమ్మటం కనపడదు.