మొదటి బీరుకు మాల్ట్ పాకమా, గింజలా?

ఇంట్లో బీరు చేయాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో చేయాలా, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలతో (మాల్ట్ అంటే ఇవే) మొదలెట్టాలా?

ఎక్స్‌ట్రాక్ట్ అంటే గింజల్లోని చక్కెరను ముందే తీసి చిక్కబరిచిన పాకం. తేనెలా సాగుతుంది. నీళ్లలో కలిపి, హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేసి గంటసేపు మరిగించి, చల్లారాక ఈస్ట్ (చక్కెరను ఆల్కహాల్‌గా పులియబెట్టే సూక్ష్మజీవి) వేయడమే. ఒక్క జాగ్రత్త: పాకం పోసేముందు మంట ఆపేయాలి. నేను ఆపలేదు. పాకం అడుగంటి, బీరంతా మాడు వాసనే.

గింజలతో అయితే పూటంతా పని. 20 లీటర్ల బీరుకు సుమారు 5 కిలోల మాల్ట్‌ను బరకగా ఆడించి, 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో గంటసేపు నాననివ్వాలి. గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేది అప్పుడే. 63 దగ్గర ఉంచితే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువై బీరు తేలిగ్గా వస్తుంది; 70 దగ్గరైతే చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. రుచి మన చేతిలో ఉండటమంటే ఇదే. మూత తీయగానే గుప్పున కొట్టే ఆ కమ్మని వాసన డబ్బా పాకంలో దొరకదు.

అయినా మొదటి రెండు మూడుసార్లు ఎక్స్‌ట్రాక్టే మేలంటాను. కొత్తవాళ్ల బీరు ఎక్కువగా చెడేది మరిగించిన తర్వాతే; ఆ పని రెండు పద్ధతుల్లోనూ ఒకటే. చల్లారిన ద్రవానికి తగిలే ప్రతి గొట్టాన్నీ, మూతనూ శానిటైజ్ చేయాలి. ఏల్ (గది వేడి దగ్గర పులిసే బీరు రకం) ఈస్ట్‌ను చాలావరకు 18–22 డిగ్రీల మధ్య పులియనివ్వాలి. ఆ రెండూ చేతికి అలవాటయ్యాక గింజలు కొనండి.