కుక్కకు డ్రై ఫుడ్డా, ఇంటి వంటా?

డ్రై ఫుడ్‌లో, అంటే ప్యాకెట్లలో దొరికే పొడి గుళికల్లో, తేమ 10 శాతం దగ్గరే ఉంటుంది. త్వరగా పాడవదు, కొలిచి పెట్టడం తేలిక. పక్కన నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి.

ఇంటి వంట సంగతి వేరు. గిన్నె చప్పుడైతే చాలు, మా కుక్క తోకూపుకుంటూ వచ్చి అడుగు దాకా నాకేస్తుంది. ఆ సంబరం చూస్తే రోజూ వండాలనిపిస్తుంది. కానీ వట్టి మాంసం సరిపోదు. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఎదిగే కుక్కపిల్లకి అదొక్కటే పెడితే ఎముకలు బలహీనపడతాయి. మనం తినే కూర పెడితే ఇంకో ప్రమాదం: ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

పిల్లకైతే నా ఓటు దాని వయసుకు తగ్గ డ్రై ఫుడ్‌కే. పెద్ద కుక్కకు వండాలనుంటే వెటర్నరీ డాక్టర్‌తో కొలతలు రాయించుకోండి. ఏది మార్చినా వారం పాటు పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకోవచ్చు.