మోసుకెళ్లే పియానో: విజయవాడలో రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్‌తో మూడేళ్లు

ఇంట్లో రోజూ సాధన, ఆదివారం చర్చి, సీజన్లో రిసెప్షన్లు. ఈ మూడింటికీ ఒకటే పియానో కావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా దగ్గరున్నది రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్ అనే డిజిటల్ పియానో. 2021లో వచ్చిన మోడల్. మూడేళ్లుగా మా అమ్మాయి గ్రేడ్ పరీక్షలకి సాధన చేసేది దీని మీదే, నేను బయటికి మోసుకెళ్లేదీ దీన్నే. ముందే చెప్పేస్తాను: మొదట కీస్ చూడండి, తర్వాత బరువు, తర్వాత వెనకున్న సాకెట్లు. ఎన్ని టోన్లు, అంటే ఎన్ని వాయిద్యాల ధ్వనులు ఉన్నాయో ఆఖర్న చూసుకున్నా నష్టం లేదు.

మన దగ్గర కీబోర్డ్ అనగానే 61 కీస్‌తో, స్టైల్స్‌తో, తబలా లూపులతో వచ్చే అరేంజర్ కీబోర్డే గుర్తొస్తుంది. షాపువాళ్లు కూడా ముందు దాన్నే చూపిస్తారు. అది చెడ్డదని కాదు, పాటకి వెంటనే బ్యాకింగ్ కావాలంటే దానికి సాటి లేదు. కానీ దాని కీస్ కింద స్ప్రింగ్ ఉంటుంది. వేలు వెయ్యగానే దిగుతుంది, తియ్యగానే ఎగిరి వస్తుంది. పియానో కీ అలా కాదు. అసలు పియానోలో కీ అవతలి కొన ఒక సుత్తిని లేపుతుంది, ఆ సుత్తి తీగని కొడుతుంది. ఆ బరువు వేలికి తెలియాలి. డిజిటల్ పియానోలో తీగలు ఉండవు కాబట్టి, కీ లోపల చిన్న బరువులు పెట్టి ఆ అనుభూతి తెప్పిస్తారు. ఎడమవైపు కీస్ బరువుగా, కుడివైపుకి వెళ్లేకొద్దీ తేలికగా ఉంటాయి. స్ప్రింగ్ కీస్ మీద రెండేళ్లు నేర్చుకున్న పిల్లల్ని మొదటిసారి నిజమైన పియానో ముందు కూర్చోబెడితే, మెల్లగా వాయించాల్సిన చోట కొన్ని స్వరాలు అసలు పలకవు. చర్చిలో కొంతమంది పిల్లలకి నేర్పిస్తుంటాను, ఇది చాలాసార్లు చూశాను.

ఎఫ్‌పీ-30ఎక్స్‌లో ఉన్నది రోలాండ్ వాళ్ల పీహెచ్‌ఏ-4 స్టాండర్డ్ కీబెడ్, అంటే కీస్ అన్నీ అమర్చిన భాగం. ప్రతి కీకి మూడు సెన్సర్లు. దీనివల్ల కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కినా స్వరం పలుకుతుంది. అదే స్వరాన్ని గబగబా తిప్పి తిప్పి కొట్టే చోట ఇది బాగా తెలుస్తుంది. కీని చాలా నెమ్మదిగా నొక్కితే అడుగుకి చేరేముందు ఒక చిన్న మెట్టు తగిలినట్టు ఉంటుంది, దాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. గ్రాండ్ పియానోలో సుత్తి కీని వదిలేసే క్షణం అది. మొదట్లో మా అమ్మాయి "నాన్నా, కీ ఎక్కడో ఆగుతోంది" అంది. ఇప్పుడు పియానిస్సిమో, అంటే చాలా మెల్లగా వాయించేటప్పుడు ఆ మెట్టునే ఆధారం చేసుకుంటోంది. కీస్ పైపూత కాస్త గరుకుగా, ఏనుగు దంతం తాకినట్టు ఉంటుంది. మే నెలలో విజయవాడలో వేళ్లకి ఎంత చెమట పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ చెమటలో కూడా వేలు జారకపోవడం నాకు ఎంతో నచ్చింది.

షాపుకి వెళ్తే ముందు డెమో పాట వద్దనండి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఒక స్కేల్ వాయించండి. కీ చప్పుడు ఎంతో, ఏ కీ అయినా వదులుగా ఉందో లేదో తెలుస్తుంది. తర్వాత కీ అంచున కాకుండా లోపలి వైపు, నల్ల కీస్ మధ్యకి వేళ్లు పెట్టి నొక్కి చూడండి. బాగా సన్నగా చేసిన పియానోల్లో కీ పొడవు లోపల తక్కువ ఉంటుంది, అక్కడ నొక్కాలంటే బలం ఎక్కువ పెట్టాలి. షార్పులు ఎక్కువున్న స్కేల్స్ వాయించేవాళ్లకి చెయ్యి త్వరగా నొప్పెడుతుంది.

ఇక బరువు. దీని బరువు 14.8 కిలోలు. బ్యాగు, స్టాండు, కాలితో తొక్కి స్వరాన్ని సాగదీసే పెడల్, వైర్లు కలిపితే ఇరవై దాటుతుంది. పొడవు 130 సెంటీమీటర్లు, ఆటో వెనక సీటు మీద నేరుగా పట్టదు, ఏటవాలుగా పెట్టి ఒక మూల పట్టుకుని కూర్చోవాలి. పటమట నుంచి గుణదల దాకా ఫర్వాలేదు గానీ, మంగళగిరి, తెనాలి ప్రోగ్రాంలకి కారు ఉంటేనే ఒప్పుకుంటున్నాను. లిఫ్ట్ లేని ఫంక్షన్ హాల్లో రెండో అంతస్తుకి ఒక్కడివే మొయ్యాలంటే నడుముకి మంచిది కాదు. నెలకి నాలుగైదు ప్రోగ్రాంలు చేసేవాళ్లయితే 11.5 కిలోల యమహా పీ-225, 11.2 కిలోల కాసియో పీఎక్స్-ఎస్1100 చూడండి. మూడు కిలోల తేడా కాగితం మీద చిన్నదే, మెట్ల మీద చాలా పెద్దది. పైగా ఆ కాసియో ఆరు పెన్సిల్ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, రోలాండ్‌కి ఆ సౌకర్యం లేదు. కరెంట్ పోయి జనరేటర్ అందుకునేలోపు పియానో ఆగిపోతుంది.

నేను మాత్రం కీస్ కోసం ఈ బరువు ఒప్పుకున్నాను. ఇంట్లో వాయించే గంటలతో పోలిస్తే బయట వాయించే గంటలు తక్కువ.

ఇదే కంపెనీలో చిన్నదైన ఎఫ్‌పీ-10లో కూడా ఇవే కీస్. 12.3 కిలోలే, ధర కూడా తక్కువ. కేవలం ఇంటి సాధనకే అయితే అది చాలు, డబ్బు మిగుల్చుకోండి. కానీ దానికి లైన్ అవుట్ (సౌండ్ సిస్టమ్‌కి కలిపే సాకెట్) లేదు, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచే సౌండ్ మిక్సర్‌కి లాగాలి. అలా లాగితే ఇంకో సమస్య, పియానో స్పీకర్లు ఆగిపోతాయి, స్టేజీ మీద మానిటర్ లేకపోతే మనం వాయించేది మనకే వినపడదు. ఎఫ్‌పీ-30ఎక్స్‌కి వెనక ఎడమ, కుడి రెండు పెద్ద లైన్ అవుట్ సాకెట్లున్నాయి. సౌండ్ ఆయన ఒక్క వైరే ఇస్తే ఎడమదానికి పెట్టండి, మోనో అదే.

స్టేజీ మీద వాయించేవాళ్లు బ్యాగులో ఒక డీఐ బాక్సు, అంటే పియానోకీ మిక్సర్‌కీ మధ్యలో కలిపే చిన్న పెట్టె, పెట్టుకోండి. షామియానా కింద, జనరేటర్ కరెంట్ మీద పియానో ఒక ప్లగ్గులో, మిక్సర్ ఇంకో ప్లగ్గులో ఉంటే బుయ్‌మని హమ్ వస్తుంది. ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చేదది. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్సు మధ్యలో పెడితే చాలావరకు పోతుంది. ల్యాప్‌టాప్‌ని యూఎస్‌బీతో కలిపి చార్జింగ్‌లో పెట్టినప్పుడూ ఇదే గోల, చార్జర్ తీసేసి చూడండి.

చర్చిలో వాయించేవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. ఈ పియానోలో ఆటో ఆఫ్ అని ఒక సెట్టింగ్ ఉంది, కొన్నప్పుడు అది 30 నిమిషాల మీద ఉంటుంది. వాక్యం (ప్రసంగం) గంటసేపు సాగితే, ముగింపు పాటకి చెయ్యి పెట్టేసరికి పియానో నిద్రపోయి ఉంటుంది. ఇంటికి తెచ్చిన రోజే దాన్ని ఆపెయ్యండి.

స్క్రీన్ లేకపోవడం దీనిలో నాకు నిజంగా ఇబ్బంది కలిగించే విషయం. సెమీ క్రిస్మస్ ప్రోగ్రాంలో ఒక చెల్లి వచ్చి "అన్నా, నాకు నాలుగున్నర శ్రుతి" అంటుంది, తర్వాతి తమ్ముడు "ఒకటిన్నర ఇవ్వన్నా" అంటాడు. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ ఉంది, కానీ బటన్ పట్టుకుని కీ నొక్కి మార్చాలి, ఎంతకి మారిందో కంటికి కనపడదు. ఫోన్‌లో రోలాండ్ యాప్ బ్లూటూత్‌తో కలుపుకుంటే కనపడుతుంది గానీ, పాటకీ పాటకీ మధ్య అంత తీరిక ఉండదు. ఈ బెంగ లేకుండా ఉండటానికే నేను అన్ని శ్రుతుల్లో వాయించడం అలవాటు చేసుకుంటున్నాను.

పిచ్ బెండ్ చక్రం కూడా లేదు. షెహనాయ్, వేణువు, వీణ బిట్లు గమకంతో వాయించాలంటే ఇది పనికిరాదు. వాటికి నేను పక్కన చిన్న కీబోర్డ్ పెట్టుకుంటాను. ఉన్న 56 టోన్లలో గ్రాండ్ పియానో, ఎలక్ట్రిక్ పియానో, స్ట్రింగ్స్ ఈ మూడే ఎక్కువగా వాడేది, మూడూ బాగున్నాయి. 256 పాలీఫనీ, అంటే ఒకేసారి అన్ని స్వరాలు మోగే సామర్థ్యం ఉంది కాబట్టి పెడల్ తొక్కిపట్టి స్ట్రింగ్స్ కలిపి వాయించినా స్వరాలు మధ్యలో తెగవు. పాత హార్మోనియంతో కలిసి వాయించాల్సి వస్తే శ్రుతిని మామూలు 440 హెర్ట్జ్ నుంచి కిందికీ పైకీ కొద్దికొద్దిగా జరుపుకోవచ్చు. భజన బృందాలతో వాయించేవాళ్లకి ఇది చాలా ఉపయోగం.

బ్లూటూత్ గురించి చాలామంది పొరపడుతున్నారు. ఫోన్‌లో పాట పెట్టి పియానో స్పీకర్లలో వింటూ దానితో పాటు వాయించొచ్చు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం పెట్టుకోలేం, వైరుదే కావాలి. ముందువైపు రెండు సాకెట్లున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి ఫోన్ సైజుది. టీచర్, పిల్ల ఇద్దరూ ఒకేసారి వినొచ్చు.

స్పీకర్లు 11 వాట్లవి రెండు, కింది వైపుకి ఉంటాయి. మంచం మీదో, గుడ్డ పరిచిన టేబుల్ మీదో పెడితే శబ్దం మూసుకుపోతుంది. స్టాండ్ మీద పెడితే హాలంతా నిండుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇంకొకటి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం కదా, ఎవరికీ వినపడదనుకుంటాం. కీస్ అడుగుకి తగిలే దెబ్బ స్టాండ్ కాళ్ల ద్వారా నేలలోకి దిగుతుంది. మా కింది ఫ్లాట్ పెద్దాయన ఒకరోజు "ఏం బాబూ, రాత్రిళ్లు ఏమన్నా దంచుతున్నారా?" అని అడిగారు. స్టాండ్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక నేనే వెళ్లి ఆయన్ని అడిగితే "ఇప్పుడేం లేదమ్మా, పాపని చదువుకోమను" అన్నారు.

పెడల్ మీద కాస్త డబ్బు పెట్టండి. తొక్కామా లేదా అన్నంతవరకే గుర్తించే చిన్న స్విచ్ పెడల్‌తో సగం తొక్కడం సాధ్యం కాదు, గ్రేడ్లు పెరిగేకొద్దీ అది కావాలి. రోలాండ్ డీపీ-10 లాంటిది తీసుకుంటే సగం పెడల్ పలుకుతుంది. వేరే కంపెనీ పెడల్ పెట్టినప్పుడు తొక్కితే స్వరం ఆగి, వదిలితే మోగుతుంటే పెడల్ పాడైనట్టు కాదు, పోలారిటీ తిరగబడింది. కొన్ని పెడల్స్‌కి అడుగున దీనికి చిన్న స్విచ్ ఉంటుంది.

ఎండలో ఆగిన కారులో పియానో వదలొద్దు, భోజనాలయ్యేదాకా అయినా సరే లోపలికి తెచ్చుకోండి. వాయించడం అవగానే గుడ్డ కప్పండి. దుమ్ము కీస్ కిందున్న రబ్బరు కాంటాక్టుల మీద చేరితే ఒక్కో స్వరం ఉన్నట్టుండి గట్టిగా పలుకుతుంది. పిల్లలు పక్కన బిస్కెట్లు తినకుండా చూసుకోండి. మన ఊళ్లో చీమలకి ఆ సందు చాలు.