పగ్ కావాలంటే ఏది మేలు: కుక్కపిల్లను కొనడమా, ఎవరో వదిలేసిన పెద్దదాన్ని తెచ్చుకోవడమా?

ఇంట్లో పిల్లలు పగ్ కావాలని పట్టుబడితే హైదరాబాద్‌లో ముందుగా వినిపించే మాట "ఎవరైనా మంచి బ్రీడర్ తెలుసా?" అనే. 2003లో హచ్ అనే మొబైల్ కంపెనీ ప్రకటనలో కనిపించినప్పటి నుంచి ఈ కుక్కకు మన దగ్గర గిరాకీ తగ్గలేదు. హచ్ పోయి వోడాఫోన్ వచ్చినా చాలా ఇళ్లలో ఇప్పటికీ దీన్ని హచ్ కుక్క అనే అంటారు. అలా ముచ్చటపడి కొన్నవాటిలో కొన్ని ఇప్పుడు వేరే ఇంటి కోసం చూస్తున్నాయి. ఒకరికి అమెరికా వీసా వచ్చింది, చప్పిడి ముక్కు కుక్కల్ని చాలా విమాన సంస్థలు కార్గోలో ఎక్కించుకోవు. ఇంకొకరికి బిడ్డ పుట్టింది, పెద్దవాళ్లు వద్దన్నారు. మరొకరికి మందుల ఖర్చు తడిసి మోపెడైంది. ఇక ఈతలకు పనికిరాదని బ్రీడర్లు వదిలించుకునే ఆడకుక్కల సంగతి సరేసరి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకు అమీర్‌పేటలో టిఫిన్ కూడా కడుపునిండా రాదు, ఇక భయపడేదెవరు?

కాబట్టి దారులు మూడు: పిల్లను కొనడం, పెద్దదాన్ని దత్తత తీసుకోవడం, కొన్నాళ్లు ఫోస్టర్‌గా ఇంట్లో ఉంచుకుని ఆ తర్వాత తేల్చుకోవడం. వేరే జాతి అయితే ఎవరిష్టం వాళ్లది అనేవాణ్ణి. పగ్ విషయంలో మాత్రం పెద్దదాని వైపే నా మొగ్గు. జాలితో చెప్పడం లేదు, లెక్క వేసుకునే చెబుతున్నాను.

ఈ జాతికి ఉన్న చిక్కంతా ముఖంలోనే ఉంది. తరతరాలుగా మూతి పొట్టిగా ఉన్నవాటినే ఎంచి ఈతలు వేయించడంతో ఎముక కురచైంది కానీ లోపలి కండ ఆ మేరకు తగ్గలేదు. ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి వెనక భాగం గొంతుకు అడ్డుపడేంత పొడుగు. పొట్టి మూతి వల్ల ఊపిరికి వచ్చే ఈ అడ్డంకినే డాక్టర్లు బీఓఏఎస్ అంటారు. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఈ శ్వాస సమస్య మిగతా కుక్కల కన్నా పగ్‌లలో దాదాపు 54 రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది అక్కడే వేసిన మరో లెక్కలో పగ్ సగటు ఆయుష్షు 7.65 ఏళ్లు, జాక్ రస్సెల్ టెరియర్ అనే మరో చిన్న జాతి కుక్కది 12.72 ఏళ్లు. నెదర్లాండ్స్ అయితే మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కలకు ఈతలు వేయించకుండా కట్టడి పెట్టింది.

రెండు నెలల పిల్లలో ఇదేదీ మీకు కనబడదు. గురక పెడితే ముద్దొస్తుంది, రొప్పితే ఆడుకుని అలసిపోయిందనుకుంటాం. అసలు బాధ చాలావాటిలో ఏడాది, రెండేళ్లు దాటాకే బయటపడుతుంది. అప్పటికి బ్రీడర్ ఫోన్ ఎత్తడు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ సర్టిఫికెట్ చూపించమని అడిగి చూడండి, సగం బేరాలు అక్కడే తేలిపోతాయి. రిజిస్ట్రేషన్ ఉండి, తల్లీతండ్రీ రెండింటినీ మీ ముందు నడిపించి చూపించే బ్రీడర్ దొరికితే పిల్లను కొనడం తప్పని నేననను. చిన్నప్పటి నుంచి మన ఇంటి పద్ధతికి అలవాటు చేసుకోవచ్చు, ఆ ముచ్చట వేరు. అయితే అలాంటివాళ్లు చాలా అరుదు.

అదే నాలుగేళ్ల పగ్ అయితే దాని రోగాలు చాలావరకు మీ కళ్లముందే ఉంటాయి. చల్లబడ్డాక సాయంత్రం వెళ్లండి. ముందు ముక్కు చూడండి: రంధ్రాలు గుండ్రంగా తెరుచుకున్నాయా, సన్నని గీతల్లా మూసుకుపోయాయా? తర్వాత మూడు నిమిషాలు కాస్త వేగంగా నడిపించండి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం తయారు చేసిన శ్వాస పరీక్షలోనూ మూడు నిమిషాలు పరుగులాంటి నడక నడిపించి, ముందూ తర్వాతా గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి వింటారు. మీకు స్టెతస్కోప్ అక్కర్లేదు, గదిలో ఆ చివర నిలబడ్డా ఊపిరి చప్పుడు వినిపిస్తోందంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. ముక్కుతో గట్టిగా గురకలాంటి శబ్దం చేస్తూ మెడ చాచి గాలి లోపలికి లాక్కోవడం వేరు, అది రివర్స్ స్నీజింగ్. చూస్తే ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది కానీ సాధారణంగా నిమిషంలోపే సర్దుకుంటుంది.

ముక్కు మీది మడతను వేలితో విప్పి వాసన చూడండి. చర్మం ఎర్రగా, తడిగా, కంపుగా ఉంటే కొన్నాళ్లుగా ఎవరూ తుడవడం లేదన్నమాట. ఇది పెద్ద సమస్య కాదు, రోజూ శుభ్రం చేసి పొడిగా ఉంచితే చాలావరకు తగ్గుతుంది. కంటిపాప మీద ముక్కు వైపు నుంచి నల్లపొర పాకుతుంటే మాత్రం మందులు చాలాకాలం పడతాయి. వెనక కాళ్లు తడబడితే వెన్నుపూస చూపించాలి. మన ఊళ్లో పిడుదుల జ్వరం మామూలే, అందుకని ప్లేట్‌లెట్లతో సహా రక్తపరీక్ష చేయించకుండా ఏ కుక్కనూ ఇంటికి తేవద్దు. ఈతలకు వాడిన ఆడకుక్క అయితే గర్భసంచి తీసేశారా లేదా అడగండి. తీయకపోతే అందులో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. పగ్‌కు మత్తు ఇవ్వడమూ, మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండటమూ అనుభవం ఉన్న డాక్టర్ చేయాల్సిన పని. ఆ ఆపరేషన్ ముందే అయిపోయిన కుక్క దొరికితే మీకు సగం టెన్షన్ తగ్గినట్టే. చేతిలో డబ్బు తక్కువైతే నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశు ఆసుపత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉండనే ఉన్నాయి.

మరి ఎవరి దగ్గర నుంచి? జూబ్లీహిల్స్‌లోని బ్లూ క్రాస్ లాంటి సంస్థలకు కుక్కను అంటగట్టాల్సిన అవసరం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతారు. కానీ రోడ్డు మీద దొరికిన పగ్ గతం వాళ్లకూ తెలియదు. నేరుగా ఇంటి నుంచి తీసుకుంటే టీకాల పుస్తకం, పాత రిపోర్టులు, ఏ శబ్దానికి భయపడుతుందో ఏ దిండు మీద పడుకుంటుందో కూడా తెలుస్తాయి. అయితే వదిలించుకునే తొందరలో ఉన్నవాళ్లు కొంత దాస్తారు. ఒకసారి కూకట్‌పల్లిలో ఒక పగ్‌ను చూడ్డానికి వెళ్తే ఇంటావిడ "దీనికేం లేదండీ, బంగారుకొండ" అని ఇంకా అంటూనే ఉంది, పక్కనున్న పిల్లాడు "మందు వేయకపోతే ఫిట్స్ వస్తాయి కదా మమ్మీ" అనేశాడు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న: ఏ డాక్టర్‌కు చూపిస్తారు, ఆయనతో ఒకసారి మాట్లాడొచ్చా? దీనికి తటపటాయిస్తే ఆ ఇంటి నుంచి కుక్కను తెచ్చుకోకపోవడమే మంచిది.

ఇంతకుముందు పగ్‌ను పెంచినవాళ్లు ఇవన్నీ చూసుకుని నేరుగా దత్తత తీసుకోవచ్చు. మొదటిసారి అయితే ఫోస్టర్ మేలు, అదీ వీలైతే వేసవిలో. కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది, పగ్‌కు ఆ దారే ఇరుకు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వాకింగ్ ఉదయం ఆరులోపే అయిపోవాలి, మధ్యాహ్నం ఒక గదిలో ఏసీ నడవాలి, కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి. మెడపట్టీ బదులు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ వాడాలి. అన్నం, మారీ బిస్కెట్లు పెట్టే అమ్మమ్మను ఎలాగోలా ఒప్పించాలి, ఎందుకంటే ఎనిమిది కిలోలు దాటిన ప్రతి కిలో ఊపిరికి బరువే. ఈ బాదరబందీ మీ ఇంటికి సరిపడుతుందో లేదో ఒక మే నెల గడిస్తే తెలిసిపోతుంది. వైద్యం ఖర్చు సంస్థదా మీదా అన్నది మాత్రం ముందే రాసుకోండి.

ఫోస్టర్‌లో లోటు లేకపోలేదు. మీకు కుదరకపోతే ఆ కుక్కకు మళ్లీ ఇల్లు మారుతుంది, పిల్లలు రెండు రోజులు అన్నం తినరు. అయినా దత్తత తీసుకుని ఆర్నెల్లకు తిరిగి ఇచ్చేయడం కన్నా ఇదే నయం.

అద్దె ఇల్లయితే ఓనర్ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. పెంపుడు కుక్కల్ని అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది కానీ, ఓనర్‌తో మీరు చేసుకున్న అగ్రిమెంట్ వేరే సంగతి.

పైన రేకుల గది, ఏసీ లేదు, పొద్దున పోయినవాళ్లు రాత్రికి గానీ రారు అనుకోండి. ఆ ఇంటికి పగ్ వద్దు. కొన్నా, దత్తత తీసుకున్నా, ఫోస్టర్ చేసినా దానికి శిక్షే. కనీసం పగలంతా ఒక మనిషి ఇంట్లో ఉండే వీలు కుదిరితే వీధిలో పుట్టిన నాటు పిల్లను తెచ్చుకోండి. దాని మూతి పొడుగు, మన ఎండను పగ్ కన్నా బాగా తట్టుకుంటుంది. రేబిస్ టీకా, జీహెచ్‌ఎంసీ లైసెన్సు మాత్రం దానికీ తప్పవు.