కార్డు ఆగితే మేలా, నడిస్తే మేలా? అమెరికా వచ్చే మన విద్యార్థులకు ఓవర్‌డ్రాఫ్ట్ లెక్క

మన ఊళ్లో ఖాతాలో డబ్బు లేకుండా డెబిట్ కార్డు గీకితే పని జరగదు. మెషీన్ ‘డిక్లైన్’ అంటుంది, పర్సులోంచి నోటు తీసి ఇస్తాం, అక్కడితో అయిపోతుంది. ఆ అలవాటుతోనే నేను 2014లో ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ వచ్చాను. ఖాతా తెరిచిన రోజు బ్యాంకు అమ్మాయి ఫారంలో ఒక గడి చూపించి, డబ్బు తక్కువైనా కార్డు ఆగకుండా ఉంటుంది, పెట్టమంటారా అని అడిగింది. మంచిదే కదా అని టిక్కు పెట్టేశాను.

అక్టోబరులో ఒక శుక్రవారం. ఖాతాలో 42 డాలర్లు ఉన్నాయన్న ధీమాతో బయల్దేరాను. పొద్దున్నే ఫోన్ బిల్లు 41 డాలర్లు ఆటోపేలో పోయిన సంగతి చూసుకోలేదు. క్యాంపస్‌లో కాఫీకి 4, ప్రింటవుట్లకు 3, సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో పెరుగు డబ్బా, కొత్తిమీర కట్టలకు 9. మూడు చోట్లా కార్డు నడిచింది. సోమవారం యాప్ తెరిస్తే ఒకదాని కింద ఒకటి మూడు వరుసలు: 35, 35, 35. పదహారు డాలర్ల ఖర్చుకు 105 డాలర్ల చార్జీ! ఖాతాలో లేని డబ్బును బ్యాంకు తనే సర్ది, అందుకు ప్రతిసారీ వేసే ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ అది. అప్పుడు డైనింగ్ హాల్లో గంటకు 8 డాలర్లకు పళ్లేలు కడిగేదాన్ని. అంటే 13 గంటల కష్టం.

అందుకే కొత్తగా వచ్చిన పిల్లలు “ఏది పెట్టుకోమంటావక్కా?” అని అడిగితే కార్డు ఆగడమే మేలని చెబుతాను. కాకపోతే ఆ మాటకు కొన్ని షరతులున్నాయి.

ముందు ఆ గడి సంగతి. 2010 నుంచి అమెరికాలో ఒక నిబంధన ఉంది. ఏటీఎంలో డబ్బు తీసినా, దుకాణంలో ఒక్కసారికి కార్డు గీకినా, మీరు ముందుగా ఒప్పుకుంటే తప్ప బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ వేయకూడదు. ఆ ఒప్పుకోలే ఆ టిక్కు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయమని చెప్పొచ్చు. అర్ధరాత్రి కారు చెడిపోయి దారిలో చిక్కుకుంటే కార్డు నడవడం నిజంగా ఆదుకుంటుంది, కాదనను. కానీ రోజూ తాగే కాఫీకి అది పనికిరాదు. నాలుగు డాలర్లు మూడు రోజులకు అప్పిచ్చి 35 డాలర్లు తీసుకునే వడ్డీ వ్యాపారి మన ఊళ్లో కూడా ఉండడు.

అన్ని బ్యాంకులూ ఒకలా లేవు. క్యాపిటల్ వన్, సిటీ బ్యాంకు 2022లో ఈ చార్జీని పూర్తిగా ఎత్తేశాయి. బ్యాంక్ ఆఫ్ అమెరికా అదే ఏడాది 35 నుంచి 10కి దించింది. పెద్ద బ్యాంకులకు 5 డాలర్ల హద్దు పెడుతూ 2024 డిసెంబరులో ఒక నిబంధన వచ్చింది గానీ, అమల్లోకి రాకముందే 2025లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) దాన్ని రద్దు చేసింది. కాబట్టి ఖాతా తెరిచే ముందు చార్జీల పట్టిక అడిగి చదవండి. రూమ్మేట్‌కు ఏ బ్యాంకు ఉందో అదే అని వెళ్లిపోకండి.

ఇక టిక్కు తీసేస్తే? నేను ఆ వారమే తీయించాను. నవంబరులో అదే స్టోర్‌లో కార్డు ఆగింది. వెనకాల ఇద్దరు మనవాళ్లే నిలబడి ఉన్నారు, తల ఎత్తలేకపోయాను. కందిపప్పు ప్యాకెట్ పక్కన పెట్టేసి, బ్యాగు అడుగున ఉన్న నోట్లతో పెరుగు ఒక్కటే కొన్నాను. మర్నాడు యాప్‌లో చార్జీ ఏమీ లేదు. ఆ సిగ్గు ఆ సాయంత్రానికే పోయింది, 35 డాలర్లు మాత్రం మిగిలాయి.

అయితే టిక్కు తీసేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు. చెక్కులకు, ఖాతాలోంచి నేరుగా పోయే అద్దె, కరెంటు బిల్లులకు, నెలనెలా కార్డు మీద పడే చందాలకు ఆ నిబంధన వర్తించదు. చార్జీ అటునుంచి రావచ్చు. పెట్రోలు బంకులో ఇంకో చిక్కు. పంపు దగ్గర కార్డు పెడితే మీరు పోయించుకునేది 25 డాలర్లకే అయినా, ఒక్కోసారి వంద పైన హోల్డ్ పెడతారు. అది వదిలేదాకా ఆ డబ్బు మీది కానట్టే. లోపలికెళ్లి “నాలుగో పంపుకి 20” అని కౌంటర్లో కట్టేస్తే అంతే తీసుకుంటారు.

సేవింగ్స్ ఖాతాను జోడించుకోవడం మూడో దారి. తక్కువైనప్పుడు అక్కడినుంచి డబ్బు వస్తుంది, ఇప్పుడు చాలా బ్యాంకులు దీనికి చార్జీ తీసుకోవడం లేదు. కానీ సేవింగ్స్‌లో డబ్బు ఉంటేనే కదా. ఓ రెండు వందలు వేసి మర్చిపోగలిగితే మంచిదే.

మొదటి సెమిస్టర్‌కు నేను చెప్పేది మాత్రం ‘బ్యాంక్ ఆన్’ గుర్తింపు (తక్కువ ఖర్చు ఖాతాలకు ఇచ్చేది) ఉన్న ఖాతా. ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీ అసలు ఉండదు, నెలవారీ రుసుము మాఫీకి వీల్లేనిదైతే 5 డాలర్లకు మించదు.

రెండో సెమిస్టర్ నుంచి రోజువారీ ఖర్చు క్రెడిట్ కార్డు మీదికి మార్చుకోండి. క్రెడిట్ చరిత్ర (ఇదివరకు అప్పు తీసుకుని తీర్చిన రికార్డు) లేనివాళ్లకు డిపాజిట్ కట్టించుకుని ఇచ్చే సెక్యూర్డ్ కార్డు ఉంటుంది. బిల్లు వచ్చాక కనీసం 21 రోజుల గడువుంటుంది, మొత్తం కట్టేస్తే కొనుగోళ్ల మీద వడ్డీ పడదు. ఆటోపేలో ‘మినిమమ్’ కాకుండా ‘పూర్తి బాకీ’ ఎంచుకోండి. ఆ తేదీ జీతం పడ్డాక వచ్చేలా మార్చుకోండి. నెలాఖరుకు మొత్తం కట్టలేమనిపిస్తే ఈ దారి వద్దు, డెబిట్ కార్డే నయం.

ఇప్పటికే చార్జీ పడి ఉంటే ఈరోజే ఫోన్ చేయండి. మొదటిసారి, విద్యార్థిని, వెనక్కి వేయండి అని మర్యాదగా అడగండి. నాకు మూడింట్లో ఒకటి తిరిగొచ్చింది. మైనస్‌లో ఉన్న ఖాతాను మాత్రం అలా వదిలేసి ఇంకో బ్యాంకుకు వెళ్లకండి. బాకీతో మూతపడిన ఖాతా వివరం, బ్యాంకులకు ఖాతాదారుల చరిత్ర అందించే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ రికార్డులో ఐదేళ్లు ఉంటుంది, కొత్త ఖాతా అడిగినప్పుడు చాలా బ్యాంకులు ముందు చూసేది దాన్నే.