మల్టీమీటరా, క్లాంప్ మీటరా, గోడ మీది కరెంటు మీటరా: వాట్లు తేల్చడానికి ఏది మేలు?

ఇంట్లో పాత వంద వాట్ల ఫిలమెంట్ బల్బు ఎక్కడైనా మిగిలి ఉంటే, మల్టీమీటర్‌ను (వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు కొలిచే చిన్న పరికరం) ఓమ్‌ల మీద, అంటే నిరోధం కొలిచే చోట పెట్టి కొలిచి చూడండి. 40 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ఇక పదో తరగతి లెక్క వేయండి. ఇంటి వోల్టేజి 230ని 230తో గుణించి, ఆ 40 ఓమ్‌లతో భాగిస్తే 1322 వాట్లు. వంద వాట్ల బల్బు కాస్తా హీటరై కూర్చుంది!

మీటరు చెడిపోలేదు, లెక్కా తప్పలేదు. చల్లగా ఉన్న బల్బును కొలవడమే పొరపాటు. వెలుగుతున్నప్పుడు అందులోని టంగ్‌స్టన్ తీగ దాదాపు 2500 డిగ్రీల దాకా కాగుతుంది. అప్పుడు దాని నిరోధం 529 ఓమ్‌లు, అంటే పదమూడు రెట్లు. ఆ బల్బులు స్విచ్ వేసిన క్షణంలోనే టప్పున మాడిపోయేవి, గుర్తుందా? మామూలుగా అర ఆంపియరు కూడా తీసుకోని బల్బు ఆ మొదటి క్షణంలో ఐదు ఆంపియర్లకు పైగా లాగేది మరి.

అలాగని మల్టీమీటర్‌ను పక్కన పడేయక్కర్లేదు. నీళ్లు కాచుకునే హీటర్ రాడ్‌కు అదే చాలు. అందులో ఉండేది నైక్రోమ్ తీగ. వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు. 1500 వాట్ల రాడ్‌ను ప్లగ్గు పీకేసి కొలిస్తే 35 ఓమ్‌ల దగ్గర రావాలి. ముందు మీటరు రెండు ప్రోబులను (కొలిచే వైర్ల కొసలను) ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసుకుని, ఆ అంకెను కొలిచినదాంట్లోంచి తీసేయండి. కాయిల్ తెగిపోతే మీటరు ఓమ్‌లేవీ చూపించదు, OL అనో ఎడమ చివర 1 అనో వస్తుంది. కరెంటు వచ్చే రెండు పిన్నుల్లో (ఎర్త్ పిన్ను కాదు) ఒకదానికీ రాడ్ పైనున్న లోహానికీ మధ్య ఏమైనా ఓమ్‌లు చూపించిందంటే ఆ రాడ్ షాక్ కొట్టే సరుకు, బయట పారేయండి. కరెంటు లేకుండా ఇంత చెబుతుంది కాబట్టి, కాయిల్ సామాన్లకు నా ఓటు మల్టీమీటర్‌కే.

కానీ ఓమ్‌లు తెలిసినంత మాత్రాన మీ ఇంట్లో ఆ రాడ్ ఎన్ని వాట్లిస్తోందో తెలిసిపోదు. వోల్టేజి కూడా కావాలి. లో వోల్టేజి ఉన్న ఊళ్లో సాయంత్రం 190 వోల్టులే వస్తున్నాయనుకోండి. నిరోధం అదే 35.3 ఓమ్‌లు కాబట్టి కరెంటు 6.5 నుంచి 5.4 ఆంపియర్లకు పడిపోతుంది. వోల్టేజి తగ్గింది ఆరో వంతే అయినా, దాంతోపాటు కరెంటు కూడా తగ్గింది కదా, వాట్లు 1020 దగ్గర ఆగిపోతాయి. మూడో వంతు గోవిందా. 20 లీటర్ల బకెట్ నీళ్లు 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు రావడానికి 23 నిమిషాలు పట్టాల్సింది 34 నిమిషాలు పడుతుంది. రాడ్ పాడైందని కొత్తది కొనేవాళ్లు ముందు వోల్టేజి చూసుకుంటే మంచిది.

ఇలా నడుస్తున్నప్పుడు కొలవడానికి క్లాంప్ మీటరే మేలు. మల్టీమీటర్‌తోనూ ఆంపియర్లు చూడొచ్చు గానీ, దానికి వైరు తెంచి మీటరును మధ్యలో కలపాలి. పైగా ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలో మరచిపోయి, వోల్టేజి చూద్దామని ప్లగ్గులో పెడితే నేరుగా షార్టు. ఇంటి కరెంటు దగ్గర ఆ సాహసం నేను చేయను, మీరూ చేయకండి. క్లాంప్‌కు ఏమీ విప్పే పని లేదు, దవడ తెరిచి వైరు చుట్టూ మూస్తే సరి. ఒక్క వైరునే పట్టుకోవాలి సుమా. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. అందుకని పైతొడుగు తీసి వైర్లు విడదీసిన ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి ఎలక్ట్రీషియన్‌తో చేయించి పెట్టుకోండి. వైరు మీది ఇన్సులేషన్ మాత్రం చెక్కు చెదరకూడదు. కరెంటు మరీ తక్కువైతే ఆ ఒక్క వైరునే దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి. వోల్టేజిని ఆంపియర్లతో భాగిస్తే ఓమ్‌లు, గుణిస్తే వాట్లు. బల్బుకు కూడా సరైన జవాబు వస్తుంది.

ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి ఈ రెండూ చేతులెత్తేస్తాయి. 230 వోల్టులు, 1 ఆంపియరు అనుకుందాం. గుణిస్తే 230. కానీ మోటారులో వోల్టేజి, కరెంటు ఒకేసారి పైకి లేవవు, కరెంటు కాస్త వెనకబడుతుంది. ఆ గుణకారంలో నిజంగా వాట్లయ్యే వంతును పవర్ ఫ్యాక్టర్ అంటారు. అది 0.6 అయితే అసలు వాట్లు 138 మాత్రమే. భాగిస్తే వచ్చే 230 ఓమ్‌లు కూడా వైండింగ్ (మోటారులో చుట్టిన తీగ) నిరోధం కాదు, ఇంపిడెన్స్, అంటే ఏసీ కరెంటుకు మోటారు కలిగించే మొత్తం అడ్డు. వైండింగ్‌ను విడిగా ఓమ్‌లలో కొలిస్తే అంతకన్నా చాలా తక్కువ వస్తుంది. దాంతో వాట్లు లెక్కేస్తే పైన బల్బుకు పట్టిన గతే.

దీనికి పైసా ఖర్చు లేని దారి గోడ మీది కరెంటు మీటరు. ఎర్రగా మెరిసే చిన్న లైటు పక్కన యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి, నిమిషానికి వచ్చిన మెరుపులను 18.75తో గుణిస్తే వాట్లు. మిగతావన్నీ ఆపేసి హీటర్ రాడ్ వేస్తే నిమిషానికి 80 మెరవాలి. పవర్ ఫ్యాక్టర్ సంగతి మీటరే చూసుకుంటుంది కాబట్టి మోటారు సామాన్లకు ఇదే నమ్మకమైన పద్ధతి. ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఐదు నిమిషాలు లెక్కపెట్టండి, 37 మెరుపులొస్తే ఆ 138 వాట్లే. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకైతే రెండు నిమిషాలకో మెరుపు. అంతసేపు మీటరు కింద మెడ ఎత్తి నిలబడే ఓపిక నాకు లేదు, దాని డబ్బా మీద రాసిందే నమ్మేస్తాను.